ఎముక మజ్జలో రోగనిరోధక కణాల పుట్టుక, పరిణతి: తరచుగా అడిగే ప్రశ్నలు

రక్తం ఎముక మజ్జలో తయారవుతుందని అందరికీ తెలుసు. ఆ రక్తంలో భాగమైన రోగనిరోధక కణాలు అక్కడ ఏయే దశలు దాటుతాయి, వాటిలో ఎన్ని మధ్యలోనే రాలిపోతాయి, ఎవరి అనుమతితో బయటికి వస్తాయి అన్నది మాత్రం పాఠ్యపుస్తకంలో తరచూ ఒక్క బొమ్మతో ముగిసిపోతుంది. జీవశాస్త్ర విద్యార్థులూ, రక్తపరీక్ష నివేదికలో ఏదో కొత్త మాట చూసి కలవరపడేవారూ సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

రోగనిరోధక కణాలన్నీ ఎముక మజ్జలోనే తయారవుతాయా?

దాదాపు అన్నీ అక్కడే పుడతాయి కానీ అన్నింటి పరిణతీ అక్కడే పూర్తి కాదు. పుట్టుకనూ పరిణతినీ ఒకే విషయంగా చెప్పేయడం వల్లనే చాలామందికి ఇక్కడ గందరగోళం కలుగుతుంది. బాక్టీరియాను ఎదుర్కొనే తెల్ల రక్తకణమైన న్యూట్రోఫిల్ మజ్జలో మొదలై మజ్జలోనే పూర్తి రూపం పొందుతుంది. బీ లింఫోసైటు కష్టమైన దశలన్నీ మజ్జలో దాటి, మిగిలిన కాస్త పనిని ప్లీహంలో ముగించుకుంటుంది. టీ లింఫోసైటు విషయానికొస్తే, దాని పూర్వకణం ఇంకా ఏ రూపమూ తేలకముందే మజ్జను విడిచి ఛాతీలోని థైమస్ గ్రంథికి చేరుతుంది.

పుట్టుక విషయంలో కూడా మినహాయింపులు ఉన్నాయి. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు మజ్జ నుంచి వచ్చినవి కావు. పిండానికి ఇంకా మజ్జే ఏర్పడని తొలి వారాల్లో సొనసంచిలో పుట్టిన కణాలు మెదడుకు చేరి, అక్కడే తమ సంఖ్యను నిలుపుకుంటూ జీవితాంతం కొనసాగుతాయి. గర్భంలో రక్తకణాల తయారీ మొదట సొనసంచిలోనూ, తరువాత ముఖ్యంగా కాలేయంలోనూ సాగి, ప్రసవం దగ్గరపడే నాటికి మజ్జకు మారుతుంది.

శరీరంలోని ఎముకలన్నింటిలోనూ ఈ పని జరుగుతుందా?

పసిపిల్లల్లో దాదాపు అన్ని ఎముకల్లోనూ జరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ కాళ్లు, చేతుల పొడవాటి ఎముకల్లోని ఎర్ర మజ్జ స్థానంలో కొవ్వుతో నిండిన పసుపు మజ్జ చేరుతుంది. పెద్దవారిలో కటి ఎముక, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు, పుర్రె, తొడ ఎముక, భుజపు ఎముకల పైకొసలు ఈ పనిని కొనసాగిస్తాయి. మజ్జ నమూనాను సాధారణంగా నడుము వెనుక భాగంలోని కటి ఎముక నుంచి తీయడానికి కారణం ఇదే.

రక్త మూలకణం ఇతర కణాల కంటే ఏ విధంగా భిన్నమైనది?

దానికి రెండు సామర్థ్యాలు ఉన్నాయి: తనలాంటి మరో మూలకణాన్ని తయారు చేసుకోవడం ఒకటి, ఏ రక్తకణానికైనా పూర్వకణాన్ని ఇవ్వగలగడం మరొకటి. ఇది ఊహ కాదని కెనడాలోని టొరంటో నగరంలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ 1961లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. వికిరణంతో మజ్జను నాశనం చేసిన ఎలుకలకు కొత్త మజ్జ కణాలను ఎక్కించగా, కొద్ది రోజుల్లో వాటి ప్లీహంపై చిన్న చిన్న బొడిపెలు లేచాయి. ఒక్కో బొడిపె ఒక్కో కణం సంతానమని, అందులో పలు రకాల రక్తకణాలు ఉన్నాయని వారూ వారి సహచరులూ తరువాత నిర్ధారించారు.

ఇంత శక్తి ఉన్న కణం ఎక్కువ కాలం విభజన లేకుండా నిశ్చలంగానే ఉంటుందన్నది గమనించదగిన సంగతి. ప్రతి విభజనలోనూ డీఎన్‌ఏలో తప్పులు దొర్లే అవకాశం ఉంటుంది కాబట్టి, రోజువారీ ఉత్పత్తి భారాన్ని మూలకణం తన సంతానమైన పూర్వకణాలకు వదిలేస్తుంది. దాన్ని అలా నిశ్చలంగా ఉంచేది దాని చుట్టూ ఉన్న పరిసరం. సన్నని రక్తనాళాల గోడలు, వాటిని అంటిపెట్టుకుని ఉండే ఆధార కణాలు విడుదల చేసే సీఎక్స్‌సీఎల్‌12 అనే సంకేత ప్రోటీను మూలకణాన్ని మజ్జలో పట్టి ఉంచుతుంది. మూలకణపు గుణం దానికే పరిమితం కాదని, అది ఉండే చోటుపై కూడా ఆధారపడుతుందని రేమండ్ స్కోఫీల్డ్ 1978లోనే ప్రతిపాదించారు.

ఒక పూర్వకణం ఏ కణంగా మారాలన్నది ఎలా నిర్ణయమవుతుంది?

బయటి నుంచి అందే సైటోకైన్ల (కణాల మధ్య సందేశాలు మోసే ప్రోటీన్ల) సంకేతాలు, కణం లోపల జన్యువులను తెరిచి మూసే నియంత్రక ప్రోటీన్లు కలిసి దీన్ని నిర్ణయిస్తాయి. పుస్తకాల్లో ఈ ప్రక్రియను రెండు పెద్ద కొమ్మలున్న చెట్టుగా గీస్తారు. ఒక కొమ్మ మైలాయిడ్ శాఖ. న్యూట్రోఫిల్, మోనోసైట్, ఇయోసినోఫిల్, బేసోఫిల్ కణాలు దీని నుంచి వస్తాయి, ఎర్ర రక్తకణాలూ ప్లేట్‌లెట్లూ కూడా ఈ వైపువే. రెండోది లింఫాయిడ్ శాఖ. ఇది బీ, టీ, సహజ హంతక కణాలకు మూలం. నేర్చుకోవడానికి ఆ బొమ్మ బాగానే పనికొస్తుంది. అయితే ఒక్కో కణాన్ని విడిగా పరిశీలించే పద్ధతులు వచ్చాక, కణాలు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దూకడం లేదనీ, నెమ్మదిగా ఒక వైపు మొగ్గుతూ పోతాయనీ స్పష్టమైంది.

తీసుకున్న దారిని నిలబెట్టుకోవడానికి కూడా నియంత్రణ కావాలి. బీ కణాల దారిలో పాక్స్‌5 అనే ప్రోటీను ఆ పని చేస్తుంది. ఎలుకల్లో ఈ ప్రోటీను లేకుండా చేసినప్పుడు, బీ దారిలో అప్పటికే కొంత దూరం వచ్చిన కణాలు తగిన సంకేతాలు అందగానే మాక్రోఫేజ్ (సూక్ష్మజీవులను మింగే కణం) వంటి ఇతర కణాలుగా మారిపోయాయి.

న్యూట్రోఫిల్ పరిణతి చెందడాన్ని చూడగలమా?

చూడగలం. మజ్జను గాజు పలకపై పలుచగా పరచి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒకే పలకపై ఈ కణం జీవితంలోని దశలన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటి దశ అయిన మైలోబ్లాస్ట్‌లో కేంద్రకం గుండ్రంగా, కణం నిండా ఉంటుంది. ప్రోమైలోసైట్ దశలో ఊదారంగు రేణువులు చిక్కగా కనిపిస్తాయి. సూక్ష్మజీవులను చంపడానికి తోడ్పడే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము వాటిలో ఉంటుంది. మైలోసైట్ దశలో లేత రంగు రేణువులు కొత్తగా తోడవుతాయి. ఆ తరువాత కణం ఇక విభజన చెందదు. అక్కడి నుంచి మార్పంతా కేంద్రకం ఆకారంలోనే ఉంటుంది. మొదట ఒక పక్క నొక్కుకుపోయి చిక్కుడు గింజ ఆకారానికి వస్తుంది, ఆపై వంగిన పట్టీలా సాగుతుంది, చివరికి సన్నని పోగులతో కలిసిన మూడు నుంచి అయిదు తమ్మెలుగా విడిపోతుంది. ఇలా ముక్కలైన కేంద్రకం వంగడానికి వీలుగా ఉండటం వల్ల, రక్తనాళపు గోడల్లోని ఇరుకు సందుల నుంచి కణం దూరి వెళ్లగలదని భావిస్తున్నారు.

ఆరోగ్యవంతుడైన పెద్ద వ్యక్తిలో రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్‌లు ఇలా తయారవుతాయి. పూర్తయిన కణాలు వెంటనే రక్తంలోకి రావు. కొన్ని రోజుల పాటు మజ్జలోనే నిల్వ ఉంటాయి. ఎక్కడైనా బాక్టీరియా దాడి చేసినప్పుడు జీ-సీఎస్‌ఎఫ్ అనే సైటోకైన్ పెరిగి, ఆ నిల్వను త్వరగా రక్తంలోకి వదలడంతో పాటు కొత్త ఉత్పత్తిని కూడా పెంచుతుంది. జ్వరం వచ్చిన కొద్ది గంటల్లోనే తెల్ల రక్తకణాల సంఖ్య పెరగడానికి కారణం ఈ నిల్వే. అంత తక్కువ వ్యవధిలో కొత్త కణాలు తయారు కావడం సాధ్యం కాదు.

బీ కణం మజ్జలో ఏయే దశలు దాటుతుంది?

మజ్జలో జరిగే పనులన్నింటిలోకీ ఇదే అత్యంత విచిత్రమైనదని చెప్పవచ్చు. ఇక్కడ కణం తన డీఎన్‌ఏను తానే కోసుకుని, ముక్కలను వేరే వరుసలో అతికించుకుంటుంది.

బీ కణం ఉపరితలంపై ఉండి శత్రువును గుర్తించే గ్రాహకం యాంటీబాడీకి మరో రూపమే. దానిలో రెండు భారీ గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. భారీ గొలుసుకు సిద్ధంగా ఉన్న ఒకే జన్యువు లేదు. 14వ క్రోమోజోముపై వీ, డీ, జే అనే మూడు రకాల ముక్కలు వరుసగా పడి ఉంటాయి. పనికొచ్చేవాటిని లెక్కిస్తే మనిషిలో వీ ముక్కలు సుమారు 40, డీ ముక్కలు 23, జే ముక్కలు 6. ప్రో-బీ అనే తొలి దశలో ర్యాగ్‌1, ర్యాగ్‌2 అనే ప్రోటీన్లు ముందుగా ఒక డీ ముక్కను ఒక జే ముక్కతో, ఆ తరువాత ఒక వీ ముక్కను ఆ జంటతో కలిపి, మధ్యలో ఉన్న డీఎన్‌ఏను తొలగిస్తాయి. ఏ ముక్క ఎంపికవుతుందన్నది యాదృచ్ఛికం. ఈ లెక్కన భారీ గొలుసుకే అయిదున్నర వేల కూర్పులు సాధ్యమవుతాయి. అంతటితో ఆగదు. అతుకు వేసే చోట టీడీటీ అనే ఎంజైము నమూనా ఏదీ చూడకుండానే కొన్ని డీఎన్‌ఏ అక్షరాలను చేర్చేస్తుంది. తేలిక గొలుసుల కూర్పులు కూడా తోడయ్యేసరికి సాధ్యమయ్యే గ్రాహకాల సంఖ్య లక్షల కోట్లకు చేరుతుంది. సుమారు 20,000 ప్రోటీన్ జన్యువులున్న జీవి ఇంతటి వైవిధ్యాన్ని ఎలా సాధిస్తుందన్న చిక్కును విప్పిన సుసుము టోనెగావా 1976లో కీలక ఫలితాన్ని ప్రచురించారు; 1987లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ వైవిధ్యానికి కణం చెల్లించే మూల్యం పెద్దదే. జన్యుసందేశాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదవాలి కాబట్టి, యాదృచ్ఛికంగా వేసిన ప్రతి మూడు అతుకుల్లో సుమారు రెండు అర్థం లేని సందేశాన్నే ఇస్తాయి. 14వ క్రోమోజోము జంటలో ఒకదానిపై అతుకు విఫలమైతే, రెండోదానిపై మరో ప్రయత్నం జరుగుతుంది. అదీ విఫలమైతే కణం చనిపోతుంది.

భారీ గొలుసు సిద్ధమైనా, దానితో జతకట్టాల్సిన తేలిక గొలుసు ఇంకా పుట్టలేదు. అసలు పిడి తయారు కాకముందే నమూనా పిడి తొడిగి కత్తిని సరిచూసుకున్నట్టు, కణం ఒక తాత్కాలిక తేలిక గొలుసుతో భారీ గొలుసును జతచేసి ఉపరితలంపై నిలుపుతుంది. జత కుదిరితే బీటీకే అనే ఎంజైము సహా పలు ప్రోటీన్ల ద్వారా లోపలికి సంకేతం అందుతుంది. అప్పుడు ర్యాగ్ ప్రోటీన్ల పని కొంతకాలం నిలిచిపోయి, కణం పలుమార్లు విభజన చెందుతుంది. దీన్నే పెద్ద ప్రీ-బీ దశ అంటారు. కష్టపడి కుదిరిన ఒక మంచి భారీ గొలుసు ఇలా పదుల కణాలకు అందుతుంది. విభజన ఆగాక చిన్న ప్రీ-బీ దశలో తేలిక గొలుసు కూర్పు మొదలవుతుంది: ముందు 2వ క్రోమోజోముపై ఉన్న కప్పా రకం, అది కుదరకపోతే 22వ క్రోమోజోముపై ఉన్న లాంబ్డా రకం. రెండు గొలుసులూ సరిగ్గా అమరి గ్రాహకం ఉపరితలానికి చేరాక దాన్ని అపరిపక్వ బీ కణం అంటారు.

యాదృచ్ఛికంగా తయారైన గ్రాహకం సొంత శరీరాన్నే గుర్తిస్తే ఏమవుతుంది?

అది అరుదైన ప్రమాదం కాదు, రోజూ జరిగేదే. మానవ మజ్జ నుంచి తీసిన తొలి దశ అపరిపక్వ బీ కణాల యాంటీబాడీలను పరీక్షించిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. వాటిలో 55 నుంచి 75 శాతం శరీరానికి చెందిన ఏదో ఒక పదార్థానికి అతుక్కున్నాయి. వీటన్నింటినీ వెంటనే చంపేయడం కంటే మజ్జ తెలివైన మార్గాన్నే అనుసరిస్తుంది. సొంత పదార్థానికి గట్టిగా అతుక్కున్న కణం ముందుకు సాగకుండా ఆగి, ర్యాగ్ ప్రోటీన్లను మళ్లీ తెరపైకి తెచ్చి, తేలిక గొలుసును మరో కూర్పుతో మార్చుకుంటుంది. దీనికి గ్రాహక సవరణ అని పేరు. సవరణ తరువాత కూడా గుణం మారకపోతే కణం చనిపోతుంది. బలహీనంగా అతుక్కునే కొన్ని కణాలు మొద్దుబారిన స్థితిలో బయటికి వస్తాయి.

ఈ వడపోత సంపూర్ణమైనది కాదు. మజ్జలో లేని పదార్థాలను గుర్తించే కణాలను మజ్జ పట్టుకోలేదు కనుక వెలుపల కూడా అదుపు యంత్రాంగాలు ఉన్నాయి. అవన్నీ దాటిపోయిన కణాలే లూపస్ వంటి స్వయంప్రతిరక్షక వ్యాధుల్లో (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే వ్యాధుల్లో) భాగమవుతాయి.

మజ్జను విడిచిన బీ కణం వెంటనే పనికి సిద్ధంగా ఉంటుందా?

ఉండదు. సంధిదశ కణంగా ప్లీహానికి చేరి, అక్కడ మనుగడ సంకేతాలు అందుకున్నవే పరిపక్వ కణాలవుతాయి. మిగిలినవి కొద్ది రోజుల్లో నశిస్తాయి.

టీ కణాలు మజ్జలోనే ఎందుకు పరిణతి చెందవు?

టీ కణం గ్రాహకానికి విచిత్రమైన షరతు ఉంది. అది శత్రువును నేరుగా గుర్తించదు. శరీర కణాలు తమ హెచ్‌ఎల్‌ఏ అణువుల్లో పెట్టి చూపించే ప్రోటీన్ తునకలను మాత్రమే గుర్తిస్తుంది. కాబట్టి ఆ గ్రాహకం సొంత హెచ్‌ఎల్‌ఏను కొంత గుర్తించాలి, మరీ గట్టిగా అతుక్కోకూడదు. ఈ రెండు పరీక్షలూ పెట్టగల ప్రత్యేక కణాలు థైమస్‌లో ఉన్నాయి. వాటిలో కొన్ని ఎయిర్ అనే ప్రోటీన్ సాయంతో ఇన్సులిన్ వంటి, సాధారణంగా ఇతర అవయవాల్లో మాత్రమే తయారయ్యే పదార్థాలను కూడా స్వల్పంగా తయారుచేసి పరీక్షకు పెడతాయి. అక్కడ ప్రవేశించే కణాల్లో 95 శాతానికి పైగా బయటికి రాకుండానే చనిపోతాయి.

థైమస్ పాత్రను జాక్ మిల్లర్ 1961లో అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి ఆ గ్రంథిని తొలగించి చూపించారు. థైమస్ లేకుండా పుట్టే పిల్లలు కూడా ఇదే విషయాన్ని ధ్రువపరుస్తున్నారు: సంపూర్ణ డిజార్జ్ సిండ్రోమ్‌లో మజ్జ ఆరోగ్యంగానే ఉన్నా టీ కణాలు దాదాపు ఉండవు. అటువంటి పిల్లలకు మజ్జ మార్పిడి కంటే థైమస్ కణజాలాన్ని అమర్చడమే సరైన చికిత్సగా భావించడానికి కారణం అదే.

మిగిలిన కణాల సంగతి ఏమిటి?

మోనోసైట్లు మజ్జ నుంచి వచ్చి రక్తంలో ఒకటి నుంచి కొన్ని రోజులు తిరిగి, కణజాలాల్లోకి చేరాక మాక్రోఫేజ్‌లుగా మారగలవు. ఇయోసినోఫిల్ పరిణతికి ఐఎల్‌-5, సహజ హంతక కణాల మనుగడకు ఐఎల్‌-15 కీలకం. మాస్ట్ కణాలు పూర్వకణాలుగానే మజ్జను విడిచి చర్మం, శ్వాసనాళాల వంటి చోట్ల పూర్తి రూపం పొందుతాయి.

ఒకసారి బయటికి వెళ్లిన కణాలు మజ్జకు తిరిగి వస్తాయా?

వస్తాయి, మన రక్షణ చాలావరకు వాటిపైనే ఆధారపడి ఉంది. శోషరస గ్రంథుల్లో బీ కణం శత్రువును ఎదుర్కొని ప్లాస్మా కణంగా మారిన తరువాత, కొన్ని ప్లాస్మా కణాలు సీఎక్స్‌సీఎల్‌12 సంకేతాన్ని అనుసరించి మజ్జకు చేరతాయి. అక్కడ ఏప్రిల్ అనే మనుగడ ప్రోటీను అందుతున్నంత కాలం, విభజన లేకుండా ఏళ్ల తరబడి యాంటీబాడీలను విడుదల చేస్తూనే ఉంటాయి. చిన్నప్పుడు వేసిన టీకా లేదా సోకిన తట్టు వ్యాధికి సంబంధించిన యాంటీబాడీలు దశాబ్దాల తరువాత కూడా రక్తంలో కనిపించడానికి ముఖ్య కారణం ఈ కణాలే. ఇవే అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సరే మల్టిపుల్ మైలోమా. అది ఎముకలను దెబ్బతీయడంలో ఆశ్చర్యం లేదు.

పరిణతి మధ్యలో ఆగిపోతే ఎలాంటి వ్యాధులు వస్తాయి?

ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదాన్ని బట్టి వ్యాధి స్వరూపం మారుతుంది. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే వైద్యుడు మళ్లీ మళ్లీ తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ల పాలవుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబులిన్ (యాంటీబాడీలుండే ప్రోటీన్ల భాగం) లేదని వివరించారు. కారణమైన జన్యువు 1993లో తెలిసింది. అది పైన చెప్పిన బీటీకే ఎంజైముదే. ఆ సంకేతం అందని కణాలు ప్రీ-బీ దశ దాటలేవు. ర్యాగ్ జన్యువులు పూర్తిగా చెడితే బీ, టీ కణాలు రెండూ ఉండవు, గ్రాహక కూర్పు అవసరం లేని సహజ హంతక కణాలు మాత్రం మిగులుతాయి. విమ్ సిండ్రోమ్‌లో చిక్కు మరో రకమైనది: న్యూట్రోఫిల్‌లు చక్కగా తయారవుతాయి, కానీ సీఎక్స్‌సీఎల్‌12కు స్పందించే గ్రాహకం అతిగా పనిచేయడం వల్ల మజ్జను వదిలి రాలేవు. మజ్జ నిండుగా ఉన్నా రక్తంలో కొరత ఉంటుంది.

పరిణతి ఆగి విభజన ఆగకపోతే అది లుకేమియా. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో అత్యధిక భాగం బీ పూర్వకణాల నుంచే వస్తుంది.

నివేదికలో అపరిపక్వ కణాలు ఉన్నాయని రాస్తే అది లుకేమియా అనుకోవాలా?

ఆ ఒక్క మాటతో అలా అనుకోకూడదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో మజ్జ తన నిల్వలను వేగంగా వదిలేటప్పుడు, పట్టీ ఆకారపు కేంద్రకం ఉన్న న్యూట్రోఫిల్‌లు, వాటికి ముందు దశవి కొన్ని కూడా రక్తంలోకి వస్తాయి. బ్లాస్ట్ కణాలు (మైలోబ్లాస్ట్ వంటి తొలి దశ కణాలు) కనిపించాయని రాస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రక్తవ్యాధుల నిపుణుడిని కలవాలి.

మజ్జ పరీక్షలోనూ ఒక మెళకువ అవసరం. చిన్నపిల్లల్లో, కీమోథెరపీ తరువాత కోలుకుంటున్న మజ్జలో సహజమైన బీ పూర్వకణాలు ఎక్కువగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో అవి లుకేమియా కణాలను పోలి ఉంటాయి. కణాలపై ఉండే గుర్తు ప్రోటీన్లను లేజర్‌ కాంతితో ఒక్కో కణంలో పరీక్షించే ఫ్లో సైటోమెట్రీలో సీడీ34, సీడీ10, సీడీ20 వంటి గుర్తులను చూస్తే తేడా తెలుస్తుంది. సహజ కణాలు దశలవారీగా గుర్తులు మార్చుకుంటూ పరచుకుని ఉంటాయి, లుకేమియా కణాలు ఎక్కువగా ఒకే దశ దగ్గర గుంపుకట్టి ఉంటాయి.

కీమోథెరపీ లేదా మజ్జ మార్పిడి తరువాత ఈ కణాలు ఎంత కాలానికి తిరిగి వస్తాయి?

వేగంగా విభజన చెందే పూర్వకణాలను కీమోథెరపీ దెబ్బతీస్తుంది కనుక, చాలా మందుల విషయంలో న్యూట్రోఫిల్‌ల సంఖ్య 7 నుంచి 14 రోజుల మధ్య అతి తక్కువకు పడిపోయి, తరువాత పెరుగుతుంది. ఆ రోజుల్లో జ్వరం వస్తే ఇంట్లో వేచి చూడటం ప్రమాదకరం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మార్పిడి తరువాత న్యూట్రోఫిల్‌లు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కనిపిస్తాయి. లింఫోసైట్లలో సహజ హంతక కణాలు ముందుగా కోలుకుంటాయి. బీ కణాలకు నెలలు పడుతుంది, కొత్త టీ కణాలు థైమస్ గుండా రావాలి కాబట్టి ఏడాది నుంచి రెండేళ్లు, పెద్ద వయసువారికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. "కౌంట్లు బాగున్నాయి" అన్న మాట విని జాగ్రత్తలు వదిలేసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. పాత రక్షణ చాలావరకు పోతుంది కనుక చిన్ననాటి టీకాలు మళ్లీ వేయించుకోవలసి వస్తుంది.

వయసు పెరిగితే మజ్జ పనిలో ఏ మార్పు వస్తుంది?

మూలకణాలు క్రమంగా మైలాయిడ్ వైపు మొగ్గుతాయి, కొత్త బీ కణాల ఉత్పత్తి తగ్గుతుంది. డీఎన్‌ఎంటీ3ఏ, టెట్‌2 వంటి జన్యువుల్లో మార్పు వచ్చిన ఒక మూలకణం సంతానం రక్తంలో పెద్ద వాటా ఆక్రమించడం కూడా జరుగుతుంది. 70 ఏళ్లు దాటినవారిలో సుమారు పది మందిలో ఒకరిలో ఇది కనిపిస్తుంది. వీరిలో ఎక్కువమందికి రక్త క్యాన్సర్ రాదు, కానీ ఆ ప్రమాదంతో పాటు గుండె జబ్బుల ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది.

ఆహారంతో, పొడులతో మజ్జలో రోగనిరోధక కణాలను పెంచుకోవచ్చా?

లోపం ఉంటే సరిదిద్దవచ్చు. బీ12, ఫోలేట్ లోపిస్తే డీఎన్‌ఏ తయారీ కుంటుపడి, న్యూట్రోఫిల్ కేంద్రకం అయిదుకు మించిన తమ్మెలతో కనిపిస్తుంది. రాగి లోపిస్తే న్యూట్రోఫిల్‌ల సంఖ్యే పడిపోతుంది. ఈ లోపాలను పరీక్షతో నిర్ధారించి పూరిస్తే మజ్జ కోలుకుంటుంది. లోపం లేనివారిలో కణాల సంఖ్య సైటోకైన్ల అదుపులో ఉంటుంది. రోగనిరోధక శక్తిని పెంచుతామని అమ్మే పొడులు ఆ అదుపును మార్చలేవు, మార్చగలిగినా అది మేలు కాదు. న్యూట్రోఫిల్‌లను నిజంగా పెంచే మందు జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్. దాన్ని వైద్యులు కొరత ఉన్నవారికి, కణాల లెక్కను చూసుకుంటూ, అవసరమైనన్ని రోజులే ఇస్తారు.